సముద్రం వైపు మూల

మా నోనో పెద్ద అబద్ధాలకోరేం కాదు. నాకు తెలిసి జీవితం మొత్తం మీద రెండే అబద్ధాలు ఆడాడు. మొదటిదాన్ని మాత్రం ఏడాదికోసారి చొప్పున, అక్టోబరు రెండో ఆదివారం, చువ్వకు గుచ్చి కాల్చిన గొర్రెపిల్ల ఎదురుగా కూర్చుని, మస్లినా క్లబ్బు సభ్యులందరి ముందూ దాదాపు యాభై ఏళ్ళు ఆడాడు. రెండోదాన్ని ఒక్కసారే, ఒక్క మనిషితోనే ఆడాడు. దాన్ని బయటపెట్టింది నేను. అందుకే ఇదంతా రాయవలసి వచ్చింది.

నోనో అంటే తాత. సముద్రాలవతలి బ్రాచ్ దీవి నుంచి ఓడెక్కి వచ్చినప్పుడు మా వాళ్ళు తెచ్చుకున్న మాటల్లో చివరికి మిగిలినవి నాలుగైదు. అందులో అదొకటి. వయసు మళ్ళిన ప్రతి మగవాణ్ణీ బార్బా అని పిలవడం ఇంకొకటి. మా వాళ్ళు కాని పెద్దవాళ్ళను ఊరందరిలాగే డోన్ అంటాం. నోనో అసలు పేరు యెర్కో ఒస్తోయిచ్. గొర్రెమాంసం గడ్డకట్టించి ఓడలకెక్కించే ఫ్యాక్టరీలో ముప్ఫై ఎనిమిదేళ్ళు పనిచేశాడు. ఎర్రటి చెవులు, నీళ్ళు పెట్టి దువ్విన జుట్టు, ఆదివారం ఆదివారం ఆలివ్ రంగు టై. కుడికాలు కుంటేవాడు. క్లబ్బులో చిన్నపిల్లలు ఆ కాలును ముట్టుకుని పారిపోయేవాళ్ళు. 1958 ఊరి ఫుట్‌బాల్ ఫైనల్లో గోల్ కొట్టిన కాలు అదే మరి. ముట్టుకుంటే అదృష్టమని ఎవరు చెప్పారో తెలియదు గానీ నోనో మాత్రం కాలు ముడుచుకునేవాడు కాదు.

క్లబ్బును 1927లో పదిహేడుమంది పెట్టారు. అందరూ ఉన్ని గోదాముల్లో పనివాళ్ళే. మా దీవి అప్పట్లో ఆస్ట్రియా రాజుగారిది, ఆయన కాగితాల మీద వచ్చారు కాబట్టి భూమికి దక్షిణపు కొసనున్న ఈ పుంతా అరెనాస్ ఊరంతా వాళ్ళను 'ఆస్ట్రియావాళ్ళు' అని పిలిచేదట. ఆ పిలుపు వాళ్ళకు చెప్పుదెబ్బలా తగిలేది. మేం ఎవరమో లోకానికి తెలియాలని జట్టు కట్టి, దానికి మస్లినా అని, అంటే ఆలివ్ చెట్టు అని, పేరు పెట్టారు. ఈ గాలిలో ఆలివ్ కాదు కదా, క్యాబేజీ ఎదగడమే గొప్ప. జెర్సీల మీద ఆలివ్ రెమ్మ కుట్టమంటే ఆడవాళ్ళు గుర్తున్నంత మేరకు కుట్టారు. ఎదుటి జట్లవాళ్ళు దాన్ని చూసి మమ్మల్ని చేపముళ్ళు అన్నారు. ఇప్పటికీ అలాగే అంటారు.

నిబంధనల్లో మూడోది ఇది: మైదానంలో దిగేవాడు మన దీవి కొడుకై ఉండాలి. ఊరు తమకు పెట్టిన పేరు నచ్చక క్లబ్బు పెట్టుకున్నవాళ్ళు, ఇంకొకళ్ళను పేరు చూసి బయట నిలబెట్టారు. మా మైదానం సముద్రానికీ కొండలకూ మధ్యన ఉంది. కొండల మీంచి గాలి సముద్రం మీదికి కొడుతుంది. సముద్రం వైపున ఉన్ని గోదాము. దాని ఇనుపరేకుల గోడ మైదానాన్ని దాదాపు రాసుకుంటూ ఉంటుంది. ఆ గోడ పక్కన మూటలు మోసేవాళ్ళు ఉత్తరాన చిలోయె దీవి నుంచి కూలికి వచ్చినవాళ్ళు. మధ్యాహ్నం గంట కొట్టాక వాళ్ళు అక్కడే బంతాడుకునేవాళ్ళు. ఆదివారం వచ్చేసరికి కంచె బయట నిలబడి చూసేవాళ్ళు.

నేను పెరిగేసరికి ఆ నిబంధనను ఎవరూ తీసేయలేదు గానీ చదివేవాళ్ళు పోయారు. మా ఆడవాళ్ళ జట్టులో సగంమంది చిలోయె పేర్లవాళ్ళే. నేను ఏడో నంబరు. కార్నర్ కిక్కులన్నీ నావే. బడిలో ఏడో తరగతి దాటలేదు గనక, ఏడుతో నాకున్న సంబంధం గట్టిదని నోనో అనేవాడు.

2008లో ఆ గోల్‌కు యాభై ఏళ్ళు నిండుతున్నాయి. క్లబ్బు అధ్యక్షుడు తోన్కో కొత్త గేటు కట్టించాడు. దాని మీద కంచు అక్షరాలతో 'యెర్కో ఒస్తోయిచ్ గేటు' అని పెట్టిస్తామన్నాడు. ఆ కబురు విన్నరోజు నోనో పండగ చేసుకుంటాడనుకున్నాం. ఆయన కోటు కూడా విప్పకుండా మంచం మీద కూర్చున్నాడు. రెండు రోజులు సరిగా తినలేదు. నేనేమో సంతోషం ఎక్కువై అరగడం లేదనుకుని వేళాకోళం చేశాను.

ఆ వారం నాకొక బుద్ధి పుట్టింది. పండగరోజు ఆడవాళ్ళ మ్యాచ్ కూడా ఉంది. నోనో కొట్టిన మూల నుంచే, నోనో చెప్పినట్టే నేనూ కార్నర్‌ను నేరుగా గోల్లోకి కొడితే ఎలా ఉంటుంది? ఆయన చెప్పే కథ నాకు కంఠతా వచ్చు. ఇంకా నాలుగు నిమిషాలుంది. ఒకటీ ఒకటి. సముద్రం వైపు మూల. గాలి మొహాన కొడుతోంది. రెండో స్తంభాన్ని గురిచూసి, అమ్మను తలుచుకుని, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కొడితే బంతి గాలిని చీల్చుకుంటూ పోయింది. అంతే. నేను వెళ్ళి ముప్ఫైసార్లు కొట్టాను.

మర్నాడు మధ్యాహ్నం వంటింట్లో రూబార్బ్ కాడలు చీరుతున్నాం. జామ్ ఆయనే కలుపుతాడు. చక్కెర నా చేతికివ్వడు.

"నోనో, ముప్ఫైసార్లు కొట్టాను. ముప్ఫైసార్లూ తిరిగొచ్చి నా నెత్తిమీంచి పోయింది."

"నీ కాల్లో బలం లేదు."

"మగవాళ్ళ జట్టు దావోర్ కాల్లో ఉంది కదా. ఎద్దులా ఉంటాడు. వాడిచేతా కొట్టించా. వాడిదీ తిరిగొచ్చింది."

"ఆ రోజు గాలి వేరే."

"మనూళ్ళో గాలి ఎప్పుడు వేరైంది నోనో? నీకు పెళ్ళి కాకముందు ఒకవైపు నించి, అయ్యాక ఇంకోవైపు నించి వీచిందా?"

మామూలుగా అయితే చీరిన తొక్క నా మీద విసిరేవాడు. ఆ రోజు కత్తి బల్ల మీద పెట్టాడు. కత్తి పిడిని గోడకు సమంగా, చాలాసేపు సర్దాడు.

"నేను కొట్టలేదే."

"గట్టిగా కొట్టలేదా?"

"అసలు కొట్టలేదు. ఆ రోజు నేను ఇంట్లో ఉన్నా. కాలు ఉప్పునీళ్ళ బకెట్లో పెట్టుకుని."

నేను నవ్వాను. ముందు నవ్వే వచ్చింది. ఊరంతా అదృష్టం కోసం ముట్టుకునే ఆ కాలు అసలు మైదానంలోకే దిగలేదన్నది తలుచుకుంటే ఎవరికైనా నవ్వొస్తుంది. ఆయన నవ్వలేదని కాసేపటికి గాని చూసుకోలేదు.

జరిగింది ఇదీ. ఫైనల్‌కు ముందు గురువారం ఫ్యాక్టరీలో కొక్కెం ఊడి, గడ్డకట్టిన గొర్రె ఒకటి నోనో పాదం మీద పడింది. జట్టులో ఇద్దరు ఉన్ని కత్తిరింపులకని జలసంధి దాటి వెళ్ళిపోయారు. మిగిలింది పదిమంది. అప్పటి అధ్యక్షుడు బార్బా లూకా, ఇప్పటి తోన్కోకు తాత. ఆయనే గోదాములో మేస్త్రీ కూడా. ఆదివారం పొద్దున మా ఇంటి తలుపు తట్టి, "ఒరేయ్, నీ జెర్సీ ఇవ్వు. నీ పేరు కూడా ఇవ్వు. సాయంత్రం రెండూ తిరిగిచ్చేస్తా" అన్నాడట.

నోనో రెండూ ఇచ్చాడు. వాటిని తొడుక్కున్నది రెమీహియో నావెల్కిన్. గోదాములో మూటలు మోసేవాడు. పదహారేళ్ళప్పుడు చిలోయె నుంచి వచ్చాడు. నోనో అంత పొడుగే, నోనో అంత సన్నమే. మిగతా పని వాతావరణం చేసిపెట్టింది. మంచూ వానా కలిసి పడుతున్నాయి. అందరి చెవుల మీదికీ ఉన్ని టోపీలు, మొహాలనిండా బురద. రిఫరీ పేరు అడిగితే ఒస్తోయిచ్ అన్నారు. క్లబ్బు గోడమీద వేలాడే ఫొటోలో ఎడమనుంచి మూడోవాడు రెమీహియోనే. ఆ ఫొటో చూపించి, మీ తాత కుర్రతనంలో ఎంత బాగుండేవాడో అని నాకెంతమంది చెప్పారో.

సాయంత్రం జెర్సీ తిరిగొచ్చింది. పేరు కూడా తిరిగొచ్చింది, గోల్‌తో సహా. నిజం తెలిస్తే గెలిచిన కప్పు పోతుందని మిగిలిన పదిమందిచేత బార్బా లూకా జెండా మీద ఒట్టు వేయించాడు. వాళ్ళందరూ ఒట్టు నిలబెట్టుకున్నారు. ఎంత బాగా నిలబెట్టుకున్నారంటే, ముసలివాళ్ళయ్యేసరికి ఆ గోల్ నోనో కొట్టగా తమ కళ్ళతో చూశామని వాళ్ళే నమ్మారు. కాలు ఎందుకు కుంటుతోందని అడిగినవాళ్ళకు, ఎదుటి జట్టువాడు తన్నాడని ఎవరో చెప్పారు. నోనో కాదనలేదు.

"మరి ఆయన ఊరుకున్నాడా?" అన్నాను.

"ఊరుకున్నాడు. నేను మాటిచ్చా. మార్చిలో సర్వసభ్య సమావేశం ఉంది, మూడో నిబంధన తీసేయమని నేనే అడుగుతా, వచ్చే ఏడు నీ పేరుతోనే ఆడుదువుగాని అని."

"అడిగావా?"

నోనో కత్తి తీసుకున్నాడు. "అది కుదర్లేదు" అన్నాడు. కాడను చీరడం మొదలుపెట్టాడు. చీరిన కాడనే మళ్ళీ చీరుతున్నాడు.

"ఇప్పుడా గేటు కింద నించి నేనెలా పోను? ఆదివారంలోపు రెమీహియో దగ్గరికెళ్ళాలి. గోల్ అతనికి ఇచ్చేయాలి. నువ్వు తోడు రా. ఒక్కణ్ణీ పోలేను."

గురువారం వెళదామనుకున్నాం. ఈలోగా మంగళవారం ఒకటి జరిగింది. క్లబ్బు పాత సమావేశాల పుస్తకాలు చెమ్మకు పాడయ్యాయని, పండగలో అద్దాల పెట్టెలో పెట్టడానికి కొన్ని పేజీలు శుభ్రంగా తిరగరాసి ఇమ్మని తోన్కో నాకు అప్పగించాడు. చదువు ఆగిపోయినా నా చేతిరాత గుండ్రంగా ఉంటుంది. 1959 మార్చి పేజీ నాకు కావాలనే వెతికాను. దొరికింది.

అందులో ఇలా ఉంది: 'మూడో నిబంధనను సడలించవలసిందిగా బడిపంతులు ప్రతిపాదించారు. గోదాములో పనిచేసే బయటి యువకులలో యోగ్యులు ఉన్నారని తెలియజేశారు. విజయం తెచ్చిపెట్టిన ఒస్తోయిచ్ అభిప్రాయాన్ని అధ్యక్షులు కోరగా, మనకున్నవాళ్ళు చాలునని ఒస్తోయిచ్ చెప్పారు. కరతాళ ధ్వనులు. ప్రతిపాదన వీగిపోయింది.'

అంటే ఆ రోజు అడిగింది మా నోనో కాదు. ఎవరో పంతులు అడిగితే, కాదన్నది మా నోనో. ఎవరికోసం అడిగారో అతను కొట్టిన గోల్‌ను కిరీటంలా పెట్టుకుని కాదన్నాడు. ఇప్పుడు ఇలా రాయగలుగుతున్నాను గానీ ఆ రోజు నాకు అంతదూరం తట్టలేదు. దొరికావు ముసలాయనా అనుకున్నాను. సమయం చూసి ఏడిపించడానికని ఆ మాటను చాక్లెట్లా దాచుకున్నాను. చెప్పకుండా దాచిన ఆ రెండు రోజులకు నాకిప్పటికీ సంజాయిషీ దొరకలేదు.

రెమీహియో ఇల్లు ఉత్తరపు ఒడ్డు పేటలో, నీలం రంగు రేకుల ఇల్లు. ఆయన భార్య ఎడువీహెస్ తలుపు తీసింది. చేతులనిండా తురిమిన బంగాళదుంప. నోనోను పైనుంచి కిందికి చూసి, "ఓహో, గోల్ వీరుడొచ్చాడు. రా, లోపల కుర్చీ ఉంది. గోల్ కొట్టనివాళ్ళని కూడా మోస్తుంది" అంది.

"ఊరుకోవే, చలిలో నిలబెట్టి" అన్నాడు లోపలినుంచి రెమీహియో.

డెబ్భై నాలుగేళ్ళ మనిషి, మూటలు మోసిన నడుం, ఇంకా నిటారుగానే ఉన్నాడు. నోనోను పొయ్యి దగ్గరి కుర్చీలో కూర్చోబెట్టి గొట్టంతో పీల్చే మాతే ఆకుల టీ కలిపి ఇచ్చాడు. వీళ్ళిద్దరూ ఒకే ఊళ్ళో యాభై ఏళ్ళు బతికారు. రొట్టెల కొట్టు దగ్గర ఎదురుపడితే తలాడించుకునేవాళ్ళట. గోదాము రోజులు పోయాక అంతకుమించి మాట్లాడుకోవడం ఇదే.

"ఆదివారం గేటుకి పేరు పెడుతున్నారు" అన్నాడు నోనో.

"రేడియోలో చెప్పారు."

"అది నీ పేరుండాల్సిన చోటు. నేను తోన్కోతో చెప్తా. అందరి ముందూ చెప్తా."

"నా పేరు నీదానికంటే పొడుగు. కంచు చాలదేమో కనుక్కో" అని రెమీహియో నవ్వాడు. అందరం నవ్వాం, ఎడువీహెస్ తప్ప. ఆవిడ దుంప ముద్దను అరచేతుల మధ్య తట్టి కొవ్వులో వేస్తోంది.

నేను ఆగలేకపోయాను. "డోన్ రెమీహియో, అసలెలా కొట్టారు? నేను ముప్ఫైసార్లు చూశా."

"రెండో స్తంభాన్ని చూసి కొట్టుంటావు."

"మా నోనో అలాగే చెప్పాడు."

"మీ నోనో ఆ రోజు బకెట్లో కాలు పెట్టుకుని ఉన్నాడు కదమ్మా." ఆయన లేచి గోడకున్న ఉన్ని టోపీ తీసి పెట్టుకున్నాడు. "నేను రోజూ ఆ మూలమీంచి మూట మోసుకెళ్ళేవాణ్ణి. సరిగ్గా ఆ గోడ చివరికొచ్చేసరికి టోపీ ఎగిరిపోయేది. చేతులు ఖాళీ ఉండవు కదా, చూస్తా ఉండేవాణ్ణి. అది సముద్రం వైపు పోదు. గోల్ వైపు పోతుంది. గాలి రేకుల గోడని కొట్టుకుని, గోదాము కప్పు ఎత్తున వెనక్కి తిరుగుతుంది. రెండేళ్ళు టోపీ కోసం గోల్‌లోకి పరిగెత్తినవాణ్ణి. ఆ రోజు గోల్ సంగతి వదిలేశా. కప్పు అంచు చూసి మెల్లగా పైకి లేపా. బంతి నా టోపీ పోయే దోవనే పోయింది."

నోనో నోరు కొంచెం తెరుచుకుని వింటున్నాడు. యాభై ఏళ్ళు తనదిగా చెప్పుకున్న గోల్ ఎలా పడిందో ఆయన మొదటిసారి వినడం అది.

"గేటు ఉండనీ యెర్కో" అన్నాడు రెమీహియో కూర్చుంటూ. "నాకా గోల్ అక్కర్లేదు. ఆటకేముంది, పేటలో బోలెడు ఆడా. నాకోసం ఆ సభలో లేచి నిలబడ్డావు చూడు, అది చాలు. నేనడిగా, వాళ్ళు వినలేదు రెమీహియో అని నువ్వు గోదాముకొచ్చి చెప్పిన రోజు నాకు గుర్తే. మీ వాళ్ళలో ఇంకెవడు చేస్తాడు ఆ పని? మా ఆవిడ నిన్ను తిట్టినప్పుడల్లా నేను అదే చెప్తా."

నోనో తల వంచి గొట్టాన్ని పట్టుకుని, తాగకుండా ఉండిపోయాడు. ఇది ఆయన చెప్పవలసిన క్షణం. చెబుతాడని కొంచెంసేపు చూస్తే బాగుండేది. నేను చూడలేదు. నాకు దాచుకున్న చాక్లెట్ గుర్తొచ్చింది.

"అదేంటి డోన్ రెమీహియో, పుస్తకంలో వేరేలా ఉందే. అడిగింది ఎవరో పంతులట. మనకున్నవాళ్ళు చాలు అన్నాడట మా నోనో. చప్పట్లు కూడా కొట్టారట" అన్నాను, నవ్వుతూనే.

పెనంలో దుంప అట్టు మాడుతున్న వాసన వచ్చింది. ఎడువీహెస్ గరిటె పట్టుకుని భర్తనే చూస్తోంది.

"పుస్తకంలో రాశారా?" అన్నాడు రెమీహియో. నన్ను కాదు అడిగింది.

"రాశారు" అన్నాడు నోనో.

"నువ్వన్నావా?"

"అన్నా."

రెమీహియో లేచి పెనాన్ని పొయ్యిమీంచి పక్కకు జరిపాడు. టోపీ తీసి గోడకు తగిలించాడు. "ఈవిడ యాభై ఏళ్ళు నిన్ను తిట్టింది" అన్నాడు. "యాభై ఏళ్ళు నీ తరఫున నేను దెబ్బలాడాను. ఈ వంటింట్లోనే."

నోనో ఏదో అనబోయాడు. రెమీహియో చెయ్యి అడ్డంపెట్టాడు. "తాగేసి వెళ్ళండి. చల్లారిపోతుంది."

కసిరి గెంటేస్తే బాగుండేది. ఆయన మేం తాగేదాకా నిలబడి, తలుపు దాకా వచ్చి, మెట్టు జారుతుంది జాగ్రత్త అని కూడా చెప్పాడు. ఎడువీహెస్, అన్నాళ్ళూ తిట్టిన మనిషి, మాడిన అట్టును పెనం నుంచి గీకుతోంది.

ఒడ్డమ్మట నడిచి వస్తుంటే నోనో అడిగాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"మంగళవారం."

"నాతో చెప్పాల్సింది."

"నువ్వు ఆయనతో చెప్పాల్సింది."

"అవును" అన్నాడు. నేను మిగిలిన దారంతా ఆయన వెనక నడిచాను.

ఆదివారం జనం బాగా వచ్చారు. గేటు మీద అక్షరాలకు ఆలివ్ రంగు గుడ్డ కప్పారు. గొర్రెపిల్లలు నాలుగు, చువ్వలకు గుచ్చి నిప్పుల మీద తిప్పుతున్నారు. నోనో టై కట్టుకోలేదు. తోన్కో మైకు చేతికిచ్చి, "చెప్పండి బార్బా, మనందరికీ కంఠతా వచ్చిన కథే అయినా" అన్నాడు.

"ఆ గోల్ నేను కొట్టలేదు" అన్నాడు నోనో.

జనం నవ్వారు. "బార్బా యెర్కో పొద్దున్నే మొదలెట్టాడు" అని ఎవరో గ్లాసెత్తి చూపించారు. నోనో వంగి కుడికాలి బూటు విప్పాడు. మేజోడు విప్పాడు. ఆ చలిలో, అణిగిపోయిన వేళ్ళున్న పాదాన్ని బల్ల మీద పెట్టాడు. "దీనిమీద గొర్రె పడింది గురువారం. మ్యాచ్ ఆదివారం. దీంతో ఎవడైనా పరిగెత్తగలడా చూడండి. పిల్లలూ, ఇన్నాళ్ళూ మీచేత ముట్టించుకున్నందుకు క్షమించండి."

అప్పుడు నవ్వు ఆగింది. రెమీహియో నావెల్కిన్ పేరు చెప్పాడు. బార్బా లూకా వచ్చి జెర్సీ అడగడం చెప్పాడు. తోన్కో మొహం ఎర్రబడింది. "ఇవన్నీ లోపల మాట్లాడుకుందాం బార్బా."

"లోపలే మాట్లాడుకున్నాం తోన్కో, యాభై తొమ్మిదిలో. చాలు అన్నది మీ తాత కాదు. నేను. ఆయన నన్నడిగాడు. అందరూ నా వైపు తిరిగి చూశారు. ఫ్యాక్టరీలో గొర్రెలు మోసేవాణ్ణి, అంతకుముందు నన్నెవరూ అలా చూళ్ళేదు. రెమీహియో లోపలికొస్తే ఆ చూపులు అతని వైపు పోతాయి. అందుకని అన్నా. ఇంకే కారణం లేదు." మైకు బల్ల మీద పెట్టాడు. బూటు వేసుకోవడానికి చాలాసేపు పట్టింది. సాయం చేయబోతే నా చెయ్యి తోసేశాడు.

గుడ్డ ఎవరూ తీయలేదు. కప్పు తిరిగిచ్చేయాలని కొందరు పట్టుబట్టారు గానీ, ఆనాడు ఓడిపోయిన క్లబ్బు ఎప్పుడో మూతపడింది. దాని మైదానంలో ఇప్పుడు సూపర్ మార్కెట్ ఉంది. అక్షరాలను మాత్రం ఆ వారమే ఊడదీశారు. గేటుకు మేకుల బెజ్జాలు ఇంకా ఉన్నాయి. గొర్రెపిల్లల్ని మాత్రం పూర్తిగా తిన్నారు. వాటి తప్పేముంది. ఏటా మొదటి పక్కటెముక నోనోకే కోసిచ్చేవాళ్ళు. ఆ రోజు ఆయన పళ్ళెం ఖాళీగా ఉండిపోయింది.

రెమీహియో ఆ రోజు రాలేదు. మంగళవారం నేనొక్కదాన్నీ జామ్ సీసా పట్టుకుని వెళ్ళాను. ఎడువీహెస్ తలుపు సగమే తీసి, "పడుకున్నాడు" అంది. మధ్యాహ్నం మూడుగంటలు. సీసా తీసుకుంది. పదిరోజుల తర్వాత పక్కింటివాళ్ళచేత తిరిగి పంపింది, తళతళలాడేలా తోమి. లోపల ఏమీ లేదు. ఈ ఊళ్ళో ఎవరి సీసా వాళ్ళకు ఖాళీగా తిరిగివ్వరు, కనీసం రెండు ఉల్లిపాయలైనా పెడతారు. నోనో దాన్ని కిటికీలో పెట్టి చాలారోజులు చూశాడు.

నవంబరు చివర్లో ఒక ఆదివారం, మా మ్యాచ్ మధ్యలో, సముద్రం వైపు మూలలో కంచె బయట ఎవరో నిలబడి ఉండటం చూశాను. గోదాము గోడకు ఆనుకుని, టోపీ మీద చెయ్యి పెట్టుకుని ఉన్నాడు. యాభై ఏళ్ళ కింద వాళ్ళు నిలబడి చూసిన చోటే.

తోన్కో చెడ్డవాడు కాదు. తనే వెళ్ళి, "లోపలికి రండి డోన్ రెమీహియో, బెంచీ ఉంది" అన్నాడు.

"ఇక్కణ్ణించి బాగానే కనిపిస్తోంది."

నోనో సభ్యుల బెంచీ మీద తన పాత చోట్లో ఉన్నాడు. లేచాడు. ఆ కుంటికాలుతో మైదానం పొడవునా నడిచి, గేటులోంచి బయటికి పోయి, గోదాము చుట్టూ తిరిగి, కంచె బయటికొచ్చాడు. రెమీహియోకు మూడు బారల దూరంలో గోడకు ఆనుకున్నాడు. రెమీహియో ఆయన వైపు చూడలేదు. నోనో పలకరించలేదు. మ్యాచ్ అయ్యేదాకా ఇద్దరూ అలాగే నిలబడి, ఎవరి దారిన వాళ్ళు పోయారు.

తర్వాతి ఆదివారమూ అంతే. ఆ తర్వాతిదీ అంతే. నోనో మళ్ళీ ఎప్పుడూ లోపల కూర్చోలేదు. గాలికి కళ్ళు నీళ్ళు కారేవి. ఊపిరితిత్తులు పాడవుతాయని డాక్టరు అరిచాడు. నేనూ అరిచాను. "బయట నిలబడ్డం ఎలా ఉంటుందో ఇప్పుడే తెలుస్తోంది, తెలియనీ" అన్నాడు. వాళ్ళు మాట్లాడుకోగా నేను చూడలేదు. ఒకసారి మాత్రం వానలో రెమీహియో తలమీద కప్పుకున్న గోనెపట్టాను దులిపి, సగం అటువైపు వదిలాడు. నోనో దాని కిందికి జరగలేదు. తనకా హక్కు లేదనుకున్నాడో, అది తనకోసం కాదనుకున్నాడో.

ఆ రోజే నాకు ఆ మూలలో కార్నర్ వచ్చింది. గోల్ వైపు చూడలేదు. గోదాము కప్పు అంచు చూసి మెల్లగా లేపాను. బంతి పైకెళ్ళి, ఆగి, ఎవరో పిలిచినట్టు గోల్ వైపు తిరిగింది. గోల్‌కీపర్ వేళ్ళతో నెట్టేసింది.

"ఇంకో చెయ్యెత్తు పైకి" అన్నాడు రెమీహియో కంచె అవతల నుంచి. ఆ వంటింటి రోజు తర్వాత ఆయన నాతో అన్న మాట అదొక్కటే.

నోనో మూడో చలికాలంలో పోయాడు. రెమీహియో అంత్యక్రియలకు రాలేదు. ఎడువీహెస్ వచ్చి, వెనక నిలబడి, మట్టి వేసి వెళ్ళింది. ఆదివారం మాత్రం రెమీహియో తన చోట్లో ఉన్నాడు. ఇప్పటికీ వస్తాడు. నేను కార్నర్ కొట్టబోతే కప్పు అంచు వైపు వేలు చూపిస్తాడు. ఇప్పటికి రెండు పడ్డాయి. రెండూ నా పేరుమీదే రాశారు.

ఆయన పక్కన మూడు బారల అవతల, నోనో నిలబడ్డ చోట, ఎవరైనా వచ్చి ఆనుకోబోతే తల అడ్డంగా ఊపి పక్కకు జరగమంటాడు. అది కోపమో, మరింకేమిటో నేనడగలేదు. ఒకసారి నోరు జారినదాన్ని.